ఓదెలు మామ అంటించిన మాటలు

చంద్రపూర్‌లో జట్‌పురా గేటు దగ్గర పోస్టర్లు అంటించేవాళ్ళు పొద్దున్నే మూడు ఇటుకల మీద నూనె డబ్బా పెట్టి మైదా ఉడకబెడతారు. నేను ఆఫీసుకు నడిచిపోయే దారి అదే. పచ్చిపిండి వాసన పోయి జిగురు వాసన వస్తుండగా వాళ్ళలో పెద్దాయన గుప్పెడు వేపాకు నలిపి అందులో వేస్తాడు. చేదు లేకపోతే పోస్టర్లను ఆవులు గోడ మీదనుంచి పీక్కుని తినేస్తాయట. మైదా, వేపాకు కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలిందంటే నాకు యాభై ఏళ్ళు దగ్గరపడుతున్న సంగతి గుర్తుండదు. సాస్తి బొగ్గుగని కాలనీలో, ఓదెలు మామ కొట్టు ముందు, చెప్పుల్లేకుండా నిలబడి ఉంటాను.

మొన్న ఎండాకాలంలో సరిగ్గా ఆ వాసన దగ్గరే నా ఫోను మోగింది. ఆ కాలనీలోనే నాతోపాటు పెరిగిన కల్పన ఒక ఫొటో పంపింది. గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించిన పాత బొమ్మల పుస్తకం, పైన ఒక చీటీ, చీటీ మీద తొమ్మిది పాయింట్ రెండు అనే అంకె. కింద ఒక్క ముక్క రాసింది: "పోయిందే సువర్ణా, నాలుగు లక్షల ఎనభై వేలకు."

ఈ వ్యవహారం తెలియనివాళ్ళు నమ్మరు గానీ, మన చిన్నప్పుడు చారణాకు, అంటే పావలాకు, కిరాయికి తెచ్చుకున్న వీరుల బొమ్మల పుస్తకాలకు ఇప్పుడు వేలంపాటలు జరుగుతున్నాయి. పుస్తకాన్ని ముందు పరీక్షకు పంపుతారు. అక్కడ ఎవరో లైటు కింద పెట్టి మూలలు, పిన్నులు, మరకలు, మడతలు చూసి పదికి ఇన్ని మార్కులని వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి పంపుతారు. ఆ తర్వాత ఆ పుస్తకాన్ని ఎవరూ తెరవకూడదు. తెరిస్తే మార్కు పోతుంది, మార్కు పోతే ధర పోతుంది. కల్పన పుస్తకం తేజ్‌పంఖ్ మొదటి సంచిక. రెక్కల వీరుడు తేజ్‌పంఖ్ హిందీలో కొద్ది సంచికలకే ఆగిపోయాడు, ఆ కంపెనీ మూతబడింది. మిగిలిపోయిన ప్రతులన్నీ రద్దీలోకి, అంటే చిత్తుకాగితాల్లోకి, పోయాయి కాబట్టే ఇప్పుడీ గిరాకీ.

నాకు సంతోషం కలగలేదు. అబద్ధమెందుకు, కడుపు మండిపోయింది. కంగ్రాట్స్ అని రాసి రెండు చప్పట్ల బొమ్మలు పెట్టాను, ఆ రోజంతా ఆఫీసులో ఎవరితోనూ మంచిగా మాట్లాడలేదు. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అంటారు చూడండి, అది నా సంగతే. డబ్బు మీద ఆశ ఎవరికి ఉండదు, నాకూ ఉంది. కానీ ఆ మంట డబ్బుది కాదు. ఆ పుస్తకాన్ని ఓదెలు మామ కల్పనకు ఊరికే ఇచ్చాడు. నా కళ్ళముందే ఇచ్చాడు. నాకు ఇవ్వలేదు. ముప్పై అయిదేళ్ళుగా అది నా గొంతులో ముల్లు.

ఓదెలు మామ నాకు చుట్టం కాదు. మా నాన్నా ఆయనా మంథని వైపునుంచి గని పనికి ఒక్కసారే వచ్చారు, పక్కపక్క క్వార్టర్లలో ఉన్నారు, అంతే. కాలు మీద బండ పడి పాదం వంకరపోయాక పని మానేసి కాలనీ నల్లా పక్కన చిన్న కొట్టు పెట్టుకున్నాడు. గనిలోకి పేలుడు మందు వచ్చే చెక్కపెట్టెల పలకలు విప్పి తనే కట్టుకున్నాడు దాన్ని. బీడీలు, పల్లీపట్టీలు, సూది దారాలు అమ్మేవాడు. వాటికి పైన ఒక తాడు కట్టి ఉండేది. తాడు మీద ఆరేసిన బట్టల్లాగా బొమ్మల పుస్తకాలు వేలాడేవి. బల్లార్షా స్టేషన్లో పుస్తకాల దుకాణంవాడు అమ్ముడుపోనివి కట్టగట్టి సగానికి సగం ఇస్తే తెచ్చుకునేవాడు.

ఆ పుస్తకాలన్నీ హిందీవి. తెలుగులో ఆ వీరుల పుస్తకాలు మా దాకా వచ్చేవి కావు, మేం చదివే బళ్ళలో తెలుగూ లేదు. కాలనీలో సగంమంది తెలంగాణవాళ్ళమే, ఇళ్ళలో మాట్లాడేదంతా తెలుగే, అక్షరం మాత్రం పిల్లల్లో ఒక్కరికీ రాదు. ఓదెలు మామకు అది నచ్చేది కాదు. తను ఊళ్ళో నాలుగో తరగతి దాకా తెలుగు చదివాడు. అందుకని కొన్ని పుస్తకాల్లో బొమ్మల నోటిదగ్గర ఉండే మాటల మీద తెల్లకాగితం పట్టీలు కత్తిరించి అంటించి, వాటి మీద నీలం సిరాతో తెలుగులో రాసేవాడు. వేపాకు వేసిన మైదా జిగురు ఎప్పుడూ ఆయన పొయ్యి మీద ఉడుకుతూ ఉండేది. పట్టీలు ఎంత సన్నగా, ఎంత నీటుగా కత్తిరించేవాడంటే వేలితో తడిమితే తప్ప అంచు తెలిసేది కాదు. ఆయన పెట్టిన రూలు ఒకటే. హిందీది చారణా, తెలుగుది ఉత్తగ.

మా అమ్మ చారణా ఇచ్చే మనిషి కాదు. "బొగ్గుల బుక్కుతాన్నడు మీ నాయిన, నువ్వు బొమ్మలకు పైసలు పెడుతవా," అని తిట్టేది. కాబట్టి నాకు దిక్కు తెలుగు పట్టీలే. మరాఠీ బడికి పోయేదాన్ని, హిందీ చక్కగా చదివేదాన్ని, అయినా తాడు మీద ఉన్న హిందీ పుస్తకం ముట్టుకుంటే మామ కట్టెతో టక్కున పలక మీద కొట్టేవాడు. కొట్టు పలక మీదే సుద్దతో నాకు అఆలు దిద్దించాడు. నేను నేర్చుకున్నది ప్రేమతో కాదు, గతిలేక. అందరు పిల్లల్లాగా చారణా పారేసి చదువుకునే భాగ్యం నాకు లేదని ఏడ్చుకుంటూ నేర్చుకున్నాను.

ఆ భాగ్యం కల్పనకు ఉండేది. వాళ్ళ నాన్న గని ఆఫీసులో గుమాస్తా. వాళ్ళూ తెలుగువాళ్ళే, కానీ ఆమె బల్లార్షాలో హిందీ బడికి బస్సులో పోయేది, తెల్ల సాక్సులు వేసుకునేది, సాయంత్రం దిగేటప్పటికి కూడా అవి తెల్లగానే ఉండేవి. బొగ్గు దుమ్ము కూడా మనిషిని చూసి పడుతుందా అని నాకు కోపం. బస్సు దిగి నేరుగా కొట్టుకొచ్చేది. మామ ఆమెకు తన స్టూలు ఇచ్చి తను నిలబడేవాడు. "కల్పనా, ఆ వచ్చే బస్సు మీద ఏం రాసున్నది బిడ్డా, నాకు కండ్లు ఆనుతలేవు," అని అడిగేవాడు. ఆమె "చంద్రపూర్" అనో "రాజురా" అనో చెప్పేది. కల్పన లేకపోతే నన్ను అడిగేవాడు. ఆమె ఉంటే నన్ను అడిగేవాడు కాదు. ఇంత చిన్న సంగతి కూడా నేను మరచిపోలేదంటే నా కుళ్ళు ఎంతటిదో మీరే అర్థం చేసుకోండి.

తేజ్‌పంఖ్ మొదటి సంచికలు రెండు ఒకే కట్టలో వచ్చాయి. రెండూ తళతళమంటున్నాయి. మామ ఒకటి తీసి స్టూలు మీద కూర్చున్న కల్పన చేతిలో పెట్టాడు. రెండోది లోపల పెట్టేశాడు. ఆమె నా ముందే పేజీలు తిప్పుతూ కిలకిలా నవ్వుతోంది. నేను చూడబోతే అట్ట నా వైపు తిప్పి చూపించి మళ్ళీ తనవైపు తిప్పుకుంది. నేను కొట్టు పలక పట్టుకుని ఊపేశాను.

"దానికే ఎందుకిచ్చినవ్ కొత్తది? నాదేది?"

నల్లా దగ్గర నీళ్ళు పట్టుకునే ఆడవాళ్ళు బిందెలు వదిలి మా వైపు చూశారు. మామ కోప్పడలేదు. పొయ్యి వైపు చెయ్యి చూపించాడు. "నీది ఉడుకుతున్నది. ఆగు."

ఎంత ఆగాలో చెప్పలేదు. వానాకాలమంతా ఆగాను. వారానికి ఒక్క పేజీ అంటించేవాడు. ఆదివారం నేను పోతే జిగురు ఆరిన ఆ ఒక్క పేజీ తెరిచి పెట్టేవాడు. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుని పైకి చదవాలి, ఆయన బీడీ కాలుస్తూ వినాలి. ఆఖరి పట్టీ చదివి తర్వాత పేజీ తిప్పబోతే చటుక్కున పుస్తకం మూసేవాడు. "ఇయ్యాల్టికి గింతే." ఎంత బతిమాలినా కరిగేవాడు కాదు. అప్పటికి కల్పన మొత్తం పుస్తకం ఎన్నిసార్లు చదివేసిందో. ఆదివారం రాత్రి నుంచి మళ్ళీ ఆదివారం దాకా నా కడుపులో ఆ మంటే. ఒక్క అక్షరం కూడా తప్పు పోకుండా చదవాలన్న పంతం ఆ మంట నుంచే వచ్చింది. వేగంగా చదివితే మామ జాలిపడి రెండో పేజీ ఇస్తాడేమోనని ఆశ. ఒక్కసారీ ఇవ్వలేదు.

ఆ పుస్తకంలో ఇనుప కిరీటం పెట్టుకున్న ఒక ఆడమనిషి ఉంటుంది. పెద్ద పెద్ద కళ్ళు, ముళ్ళ కర్ర. ఆమె తేజ్‌పంఖ్‌కు అక్క. ప్రతి పేజీలో తమ్ముణ్ణి తిడుతూ ఉంటుంది, ఆ తిట్లంటే నాకు చచ్చేంత ఇష్టం. ఒకరోజు నల్లా వరుసలో ఆమె ముచ్చట తీశాను. కల్పన పకపకా నవ్వింది.

"అక్క ఏంది పిచ్చిదానా, ఆమె దుష్మన్. వేరే గ్రహం రాణి. వాన్ని చంపనీకి వచ్చింది."

"నీకు చదువుడు రాదు. ఆమె వానికి అన్నం పెడుతది."

"అన్నమా? బాంబు అది."

బిందెలు కింద పెట్టి జడలు పట్టుకున్నాం. విడదీసినవాళ్ళు మమ్మల్ని మామ దగ్గరికి ఈడ్చుకుపోయారు. "మామా, రాణి అక్కనా, దుష్మనా చెప్పు," అని ఇద్దరం ఒక్కసారే అడిగాం. మామ మొహం ఎందుకో పాలిపోయింది. తల గోక్కున్నాడు. పల్లీపట్టీల సీసా తెరిచాడు. "ఇద్దరిదీ నిజమే," అని ముందు కల్పనకు, తర్వాత నాకు చెరో పట్టీ ఇచ్చాడు. నా బుర్రకు ఎక్కింది ఒక్కటే, ముందు దానికిచ్చాడు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూద్దామని కల్పన అంది. మామ వద్దన్నాడు, పుస్తకాలు చినిగిపోతాయన్నాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే కల్పన వాళ్ళ నాన్నకు ఆవర్‌పూర్ సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. సామాను లారీకి ఎక్కిస్తుంటే మామ కుంటుకుంటూ వచ్చి, పాత పేపరులో చుట్టిన తేజ్‌పంఖ్‌ను కల్పన చేతిలో పెట్టాడు. "ఉంచుకో బిడ్డా. మళ్ళ తేవద్దు." ఓదెలు మామ పుస్తకం ఎవరికైనా ఉంచుకొమ్మని ఇవ్వడం అదే మొదలు. మేం కొట్టుకున్న ఆ రోజు తప్ప పల్లీపట్టీ ముక్క కూడా చేతిలో పైసా పడకుండా ఇవ్వని మనిషి. నేను అడగకుండా ఉండలేకపోయాను.

"మరి నాకు మామా?"

"నీకున్నది గదనే."

నాకున్నది ఏమిటి? పట్టీలతో ఉబ్బిపోయిన, జిగురు మరకల పుస్తకం. ఆమెది కొత్త పెళ్ళికూతురిలా పోయింది. కల్పన వాళ్ళమ్మ దాన్ని పట్టుచీరల మధ్య, నాఫ్తలీను ఉండలతో పెట్టెలో దాచింది. ఆ చీకట్లో అన్నేళ్ళు ముడత పడకుండా ఉండబట్టే తొమ్మిది పాయింట్ రెండు వచ్చింది. ఆ తర్వాత చాలా రోజులు నేను మామ కొట్టు వైపు పోలేదు. పోనని ఒట్టు పెట్టుకున్నాను గానీ, చదవడానికి ఇంకేదీ లేక మళ్ళీ పోయాను.

తర్వాత ఒక ఏడు వర్ధా నది పొంగింది. కాలనీ పల్లంలో నీళ్ళు నిలిచి మామ కొట్టు కప్పుదాకా మునిగింది. నీళ్ళు తీసేసరికి తాడు మీద పుస్తకాలన్నీ అంబలైపోయాయి. నేను చదివి వినిపిస్తానని అమ్మకోసం ఇంటికి తెచ్చుకున్న తేజ్‌పంఖ్ ఒక్కటే మిగిలింది. దాన్ని పట్టుకుని పరుగెత్తాను. మామ బురదలో కూర్చుని సీసాలు కడుగుతున్నాడు. నేనే ఏడ్చాను, ఆయన ఏడవలేదు.

"పోతే పోయినయ్ తియ్. నీ నోట్ల ఉన్నయి గద. గా పుస్తకం నువ్వే ఉంచుకో."

నేను చంద్రపూర్‌లో కాలేజీ చదువుతున్నప్పుడు ఆయన పోయాడు. మూడోరోజుకు గానీ నాకు కబురు తెలియలేదు. ఆయన నాకు ఏమిచ్చాడో అప్పటికి లెక్కలోకి రాలేదు. తర్వాత వచ్చింది. రాజురా, కోర్పనా సరిహద్దు ఊళ్ళ రైతులు తాతలనాటి భూమి కాగితాలు తెలుగులో రాసినవి పట్టుకుని ఇక్కడి కోర్టుకు వస్తారు. చదివేవాళ్ళు దొరకరు. నేను చదువుతాను, మరాఠీలో రాసిస్తాను. వకీలు ఆఫీసులో నా ఉద్యోగం అదే. నేను తినే తిండి ఆ పట్టీల మీదనుంచి వచ్చింది. ఈ సంగతి ఒప్పుకుంటూనే చెబుతున్నా, కల్పన ఫొటో చూడగానే ఈ కృతజ్ఞత ఎక్కడికి పోయిందో పోయింది.

కల్పన ఇప్పుడు ఈ ఊళ్ళోనే, తుకుం పేటలో ఉంటుంది. వేలం డబ్బు వచ్చాక మిఠాయి డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చింది. కొత్త గాజులు వేసుకుంది. కొత్తవేనా అని నేను అడగలేదు, ఆమే చెప్పింది. నా తేజ్‌పంఖ్‌ను చూపించమంది. వేళ్ళ చివర్లతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పుణెలో నా ఓళఖీ మనిషి, తెలిసినోడు ఒకడున్నడు సువర్ణా. ఈ పట్టీలన్నీ ఆవిరి పట్టి లేపుతడు. కింద ప్రింటు మంచిగనే ఉంటది. బాగుచేసిన పుస్తకం అని చీటీ మీద రాస్తరు, మార్కు తక్కువ వస్తది. అయినా లక్షకు తక్కువ పోదు. ఇట్లనే ఉంచితే మాత్రం రద్దీవాడు గూడ తీస్కోడు."

రద్దీవాడు గూడ అన్న మాట నాకు సూదిలా దిగింది. "సరే, పంపుదాం," అన్నాను. లక్ష కోసం అనలేదు. నాది కూడా అలా గట్టి పెట్టెలో కూర్చోవాలి, నాదాని మీద కూడా ఎవరో పాట పాడాలి, నేను కూడా ఒక ఫొటో తీసి కల్పనకు పంపాలి. అంతే. అంత చిన్నబుద్ధి నాది. పుణె మనిషికి ఇవ్వడానికి వచ్చే ఆదివారం ఖాయం చేసుకున్నాం.

ఆ ఆదివారం మధ్యాహ్నం చాయ్ గిన్నెలో నీళ్ళు మరుగుతుంటే నాకే ఒక అనుమానం వచ్చింది. పట్టీ లేస్తే కింద కాగితం చినుగుతుందేమో, ఒక్కటి లేపి చూద్దాం అనుకున్నాను. కిరీటం పెట్టుకున్న అక్క మొదటిసారి వచ్చే పేజీ తీసి ఆవిరి మీద పట్టాను. జిగురు మెత్తబడింది. వేపాకు వాసన, అన్నేళ్ళ తర్వాత కూడా, సన్నగా వచ్చింది. పట్టీ నా వేలికి అంటుకుని లేచింది. దాని మీద మామ రాసింది నాకు కంఠతా వచ్చు.

"బువ్వ తినకుంట ఎటు ఎగురుతున్నవ్‌రా? కిందపడితే ఎవడు పట్టాలె?"

కింద హిందీ అచ్చు ఉంది. మూర్ఖ్ మానవ్, అబ్ తేరా అంత్ నిశ్చిత్ హై. మూర్ఖ మానవా, ఇక నీ చావు ఖాయం.

ఇంకొకటి లేపాను. తేజ్‌పంఖ్ గోపురం మీద నిలబడి చెయ్యెత్తే బొమ్మ. మామ పట్టీ మీద, "అక్కా, జర దీపం పట్టు, నాకు చీకటంటే భయమైతున్నది." కింద హిందీలో, అంతరిక్షపు దొంగలారా, భూమి మీద మీ ఆటలు సాగవు. మూడోదీ అంతే. ఒక్క మాట కూడా కలవలేదు. పొయ్యి కట్టేసి పుస్తకం ముందేసుకుని నేల మీద కూర్చున్నాను.

మామకు హిందీ చదవడం రాదు. బొమ్మలు చూసి, ఎవరు ఎవరితో ఏం అంటే బాగుంటుందో తనే అనుకుని, తనే రాసేశాడు. వెంట్రుకంత సన్నగా కాగితం కోసే మనిషికి బస్సు బోర్డు మీద అంతంత అక్షరాలు ఎందుకు ఆనలేదో అప్పుడు తెలిసింది నాకు. నల్లా దగ్గర మేం కొట్టుకున్న రోజు ఆయన మొహం ఎందుకు పాలిపోయిందో తెలిసింది. రెండు పుస్తకాలు పక్కపక్కన ఎందుకు పెట్టనివ్వలేదో తెలిసింది. ఆ తళతళమనే పుస్తకాన్ని లారీ ఎక్కించి ఆవర్‌పూర్ ఎందుకు పంపించేశాడో కూడా తెలిసింది. అది కల్పనమీద ప్రేమతో ఇచ్చింది కాదు. మరాఠీ బళ్ళో చదివే ఈ పిల్ల, అంటే నేను, ఏదో ఒకరోజు దాన్ని తెరిచి చదివేస్తుందని, చదివితే తన కథ దొంగ కథ అయిపోతుందని భయపడి ఊరు దాటించాడు. ముప్పై అయిదేళ్ళు నేను దేన్ని చూసి ఏడ్చానో, దాన్ని ఆయన నా కోసమే వదిలించుకున్నాడు.

ఏడ్చాను. నవ్వాను కూడా. తర్వాత లేచి స్టీలు డబ్బా పట్టుకుని జట్‌పురా గేటు దాకా నడిచాను. "దాదా, థోడీ ఖళ్ ద్యా," అని అడిగితే పోస్టర్ల పెద్దాయన వింతగా చూసి పొద్దున మిగిలిన జిగురు ఇంత వేసిచ్చాడు. ఇంటికొచ్చి లేపిన పట్టీలు మూడూ ఎక్కడివక్కడ అంటించాను. మామ అంటించినంత నీటుగా రాలేదు, ఒకటి కొంచెం వంకరపోయింది.

కల్పనకు ఫోను చేసి పంపడం లేదని చెప్పాను. ఎందుకో చెప్పాను.  

"నాది పెద్దయినంక ఒక్కసారి గూడ తెరువలేదే," అంది కల్పన. "మూలలు ఖరాబైతయని. కొన్నోడు గూడ తెరువడు. నీకోసం మాత్రం ముసలాయన వానాకాలమంతా కూసోని రాసిండు." ఆమె గొంతులో వినబడ్డది నాకు బాగా తెలిసిన చుట్టమే. నా ఇంట్లో పుట్టి పెరిగిన కుళ్ళే అది. చెవిలో చక్కెర పోసినట్టుంది. "ఒక్కసారి మొత్తం చదివి వినిపియ్యరాదే," అని బతిమాలింది.

"వినిపియ్య. వచ్చి చదువుకో."

"నాకు తెలుగు అక్షరాలు రావని నీకు తెల్వదా?"

"నాకు గూడ అప్పుడు రాకుండె."

వస్తుందనుకోలేదు, వచ్చింది. వచ్చే ఆదివారమూ వచ్చింది. కొత్త గాజుల చేత్తో పలక పట్టుకుని అఆలు దిద్దింది. గుణింతాల దగ్గర విసుక్కుంది, ఒత్తుల దగ్గర నన్ను తిట్టింది. నేను ఏమాత్రం దయ చూపించలేదు. అక్షరాలు కుదురుకున్నాక వారానికి ఒక్క పేజీ తెరిచి పెడుతున్నాను. ఆఖరి పట్టీ కాగానే మూసేస్తున్నాను. ఆమె మొహం మాడిపోవడం చూస్తుంటే వచ్చే ఆనందం ఇంతా అంతా కాదు. బీడీ పొగ వెనక మామ మొహం అలా ఎందుకు వెలిగిపోయేదో ఇప్పుడు తెలుస్తోంది.

పోయిన ఆదివారం నడిమి పేజీ వచ్చింది. అక్క ముళ్ళకర్ర తమ్ముడి రెక్కల వైపు చూపిస్తూ అరిచే బొమ్మ. ఆ పేజీ నేను ఎన్ని వందలసార్లు చదివానో నాకే తెలియదు. కల్పన కళ్ళద్దాలు పైకి తోసుకుని, వేలు పెట్టి, కూడబలుక్కుని చదివింది.

"నీకే... ఎందుకిచ్చిండు... రెక్కలు? నాకేవి?"

వేలు తేజ్‌పంఖ్ నోటి దగ్గరి పట్టీ మీదికి జరిపింది.

"నీకు రెక్కలెందుకక్కా... నీకు... నోరున్నది."

చదివి ఆగిపోయింది. నా మొహం చూసింది. మళ్ళీ ఆ కిరీటం ఆడమనిషిని చూసింది. స్టూలు మీద కూర్చుని నవ్విన ఆ పాత నవ్వు, కిలకిలా, ఇల్లంతా వినబడేట్టు నవ్వింది.

"ఇది నువ్వేనే సువర్ణా. ఆ రోజు కొట్టు పలక పట్టుకోని గిట్లనే ఒర్లినవ్ గద. మామ నిన్నే రాసిండు."

 ముప్పై అయిదేళ్ళు ఆ అక్క నా ఎదురుగానే ఉంది. నేను చదవడమే గొప్పనుకున్నాను. నిన్నగాక మొన్న ఒత్తులు నేర్చిన మనిషి ఒక్క చూపులో పట్టేసింది. కళ్ళు చెమ్మగిల్లాయి, నిజమే. దానితోపాటే కడుపులో అదే పాత మంట కూడా భగ్గుమంది. నా మామ మనసును, నా పుస్తకంలో, నాకంటే ముందు అది కనిపెట్టింది.

కల్పన తర్వాత పేజీ తిప్పబోతోంది. నేను చటుక్కున పుస్తకం మూసేశాను.

"ఇయ్యాల్టికి గింతే."